అరుగు మీద అమ్మ

తెనాలి దగ్గర మా ఊళ్ళో మా ఇంటికి రెండు అరుగులుండేవి, గుమ్మానికి అటొకటి ఇటొకటి. వాటిని అలికేది మా అమ్మ. వాటిమీద కూర్చునేది మా నాన్న. చిన్నప్పుడు ఇందులో నాకు వింతేమీ కనిపించలేదు.

శుక్రవారం వచ్చిందంటే అమ్మ తెల్లారకముందే లేచి అరుగులకు ఎర్రమట్టి పూసేది. ఆరాక అంచుల వెంట తడిపిన ముగ్గుపిండితో రెండు గీతలు, మూలల్లో తామరపువ్వులు. గడపకు పసుపు, దానిమీద కుంకుమ బొట్లు. పండగొస్తే గుమ్మానికి మామిడాకుల తోరణం, బంతిపూల దండ. కోతలయ్యాక మంచి వరికంకులు ఏరి, కుచ్చుగా అల్లి చూరుకు కట్టేది, పిచ్చుకలు తినడానికి. సాయంత్రం నాలుగింటికి నాన్న, ఆయన స్నేహితులు అరుగెక్కేవాళ్ళు. పేపరు, చుట్టలు, రాజకీయాలు, గట్టు తగాదాలు. అమ్మ మంచినీళ్ళ చెంబు గుమ్మం దాకా తెచ్చి నా చేతికిచ్చి పంపేది. తను వేసిన తామరపువ్వు మీద ఎవరు కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారో తలుపు చాటునుంచే చూసేది.

ఆ ఎర్రమట్టిని తట్టతో మోసుకొచ్చే మనిషి ఒకామె ఉండేది. ఆమె అరుగు కింద నేలమీద కూర్చుని అమ్మతో మాట్లాడేది. అమ్మ అరుగు మీద కూర్చోకపోవడానికి ఆడది కావడం కారణమైతే, ఆమె కూర్చోకపోవడానికి ఆడది కావడంతో పాటు కులం కూడా కారణం. మొదటి సంగతి నాకు కాలేజీలో ఉండగా తట్టింది. రెండోది తట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మనం వంటింటి గురించి చాలా రాసుకున్నాం. విమల 'వంటిల్లు' కవిత చదవకుండా స్త్రీవాద సాహిత్యంలోకి వచ్చినవాళ్ళు మాలో తక్కువ. వంటింటి చాకిరీకి లెక్కలేకపోవడానికి అది ఇంటి లోపల, ఎవరికీ కనబడకుండా జరగడం ఒక కారణమనుకున్నాం. మరి అరుగు వీధిలోకే ఉంది కదా. దారినపోయే ప్రతివాళ్ళూ చూస్తారు, మెచ్చుకుంటారు. ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు. అక్కడ పని కనబడుతూనే ఉంటుంది. ఆ పని చేసిన మనిషికే చోటుండదు. ఈ తేడా నాకు బోధపడింది మా ఊళ్ళో కాదు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో, 2019 అక్టోబరులో, మా ఇంటి ముందు వరండాలో గుమ్మడికాయలు పేరుస్తున్నప్పుడు.

నాన్న 2016లో పోయారు. ఆ తర్వాత కూడా అరుగులు అలికింది అమ్మే. రోజూ వాకిట్లో ముగ్గు వేసిందీ అమ్మే. గడపకు పసుపు రాయడం, తోరణం కట్టడం మాత్రం ఆగిపోయాయి. వద్దని ఎవరూ నోటితో అనలేదు. మొదటి ఉగాదికి మా పిన్ని వచ్చి, అమ్మ చేతిలోని మామిడాకులు మెల్లిగా తీసుకుని, "నువ్వు కూర్చో అక్కా, నేను కడతాలే" అంది. పిన్నికి అమ్మంటే ప్రాణం. ప్రేమగానే అంది. ప్రేమగా అన్నది కాబట్టే అమ్మ ఎదురు చెప్పలేకపోయింది. అప్పటినుంచీ ఆకులు కోయించేది అమ్మ, పురికొస కొలిచేది అమ్మ, ఈనెపుల్లలు విరిచేది అమ్మ. గుమ్మానికి కట్టేది మాత్రం వేరే ఎవరో.

2019 సెప్టెంబరులో అమ్మ మా దగ్గరికి వచ్చింది. మేముండే వీధిలో ఇళ్ళన్నిటికీ ముందు చెక్క వరండాలున్నాయి. అక్టోబరు వచ్చేసరికి వాటి రూపం మారిపోతుంది. మెట్టుకొక గుమ్మడికాయ, స్తంభాలకు కట్టిన మొక్కజొన్న చొప్ప, గడ్డి మోపులు, చామంతి కుండీలు, తలుపులకు ఎండుతీగలూ ఆకులూ చుట్టిన చక్రాలు. సాయంత్రం నడకకు తీసుకెళ్తే అమ్మ ఒక్కో ఇంటి ముందూ ఆగిపోయేది.

"వీళ్ళకి సంక్రాంతి ఇప్పుడేనా?" అంది.

"పంట ఇంటికొచ్చే కాలమేనమ్మా."

"అదీ. చూడగానే తెలుస్తూనే ఉంది."

తర్వాత ఇంకో మాట అంది. "అన్నీ ఆడవాళ్ళే సర్దుతున్నారే."

నిజమే. కారు డిక్కీలోంచి గుమ్మడికాయలు దింపేది, కుండీలు అటూ ఇటూ జరిపి రోడ్డు మీదికెళ్ళి నిలబడి చూసుకునేది మా వీధిలో ఆడవాళ్ళే. డిసెంబరులో దీపాల తోరణాలకు నిచ్చెనలెక్కేది మగవాళ్ళు. ఇల్లు సర్దడం నేర్పే పత్రికల అక్టోబరు సంచికల అట్టల మీద ఇలాంటి వరండాలే ఉంటాయి. 'సహజమైన' అలంకరణ అంటారు దాన్ని. ఆ సహజం వెనక ఏరడం, మోయడం, కట్టడం, రాలినవి ఊడవడం, కుళ్ళినవి పారబోయడం ఉంటాయి. అన్నేళ్ళుగా నేను మా వరండా జోలికి పోలేదు. పాప కోసం ఒక గుమ్మడికాయ తెచ్చి మెట్టు మీద పడేసేదాన్ని, అంతే. ఇంటి ముందు చాకిరీ వదిలించుకుని ఇంత దూరం వచ్చింది మళ్ళీ ఇక్కడ మొదలుపెట్టడానికా అనుకునేదాన్ని. ఆ సంవత్సరం అనుకోకుండా మొదలైంది, అదీ బతుకమ్మ వల్ల.

మా స్నేహితురాలు ఒకామెది వరంగల్ జిల్లా. ఏటా వాళ్ళు పార్కులో బతుకమ్మ ఆడతారు. తంగేడు ఇక్కడ దొరకదు. రోడ్ల పక్కన పచ్చగా పూసే గోల్డెన్‌రాడ్ కోసుకొస్తారు. గునుగుకు దగ్గరి చుట్టమైన సెలోషియా నర్సరీల్లో ఉంటుంది. చామంతులకు కొదవే లేదు. ఆ శనివారం పొద్దున ఆమె పూలన్నీ మా ఇంటికే తెచ్చింది. తాంబాళం అమ్మ ముందు పెట్టి "మీరే పేర్వండి అమ్మా, మీ చేయి మంచిది" అంది. అమ్మ చేతులు చీర కొంగులోకి వెళ్ళిపోయాయి. "నేనెందుకులే తల్లీ, మీరు పేర్చుకోండి, నేను తొడిమలు తుంచి ఇస్తా" అంది. స్నేహితురాలికి అర్థమైంది, నాకూ అర్థమైంది. ఇద్దరం ఏమీ అనలేకపోయాం. అంతా అయి వాళ్ళు వెళ్ళాక ఒక బుట్టెడు చామంతులు మిగిలాయి. అమ్మ ఆ బుట్ట పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

"ఇక్కడ పెడితే తప్పా?" అని అడిగింది.

"ఎందుకమ్మా తప్పు?"

"ఇది పూజ కాదుగా?"

"కాదు."

"ముత్తయిదువలే చెయ్యాలని ఏమన్నా ఉందా?"

"లేదమ్మా. ఎవరి చెయ్యయినా ఒకటే."

ఆ వారం రోజులూ మా అమ్మను చూడాలి. ఊరి బయటి తోటకు వెళ్ళి ఆరు గుమ్మడికాయలు తెచ్చాం. తొడిమ గట్టిగా, పొడుగ్గా ఉన్నవే ఏరింది, అవే నిలవుంటాయని. గోరు గుచ్చి చూసింది. తొడిమ పట్టుకుని ఎత్తబోయిన పాపను కసిరి, కింద చెయ్యేసి పిల్లనెత్తినట్టు ఎత్తాలని చూపించింది. పెరట్లో రాలిన మేపుల్ ఆకులు ఎరుపువి వేరు, పసుపువి వేరు చేసి, పాత పుస్తకాల మధ్య పెట్టి చదును చేసింది. పాప బడి దగ్గర బకై కాయలు ఏరుకొచ్చింది. ఒహాయో రాష్ట్ర వృక్షం కాయలు అవి, నున్నగా, ముదురు గోధుమ రంగులో, ఒక పక్క తెల్లటి మచ్చతో ఉంటాయి. తినకూడదు, విషం. "ఇంతలేసి చింతగింజలేంటే" అని అమ్మ నవ్వింది. వరండా చెక్క పలకల మీద పిండి ముగ్గు నిలవలేదు, సందుల్లోకి జారిపోయింది. అప్పుడు చుక్కలకు బకై కాయలు పెట్టి, గీతలకు ఆకులు పేర్చి, పదకొండు చుక్కల ముగ్గు దింపింది. మేపుల్ ఆకు తోరణం గుచ్చడానికి నేను చీపురుపుల్లలు వెతుకుతుంటే "తే ఇటు" అంది. స్టూలెక్కి తనే కట్టింది. మూడేళ్ళ తర్వాత అమ్మ గుమ్మానికి తోరణం కట్టింది. మామిడాకు కాదు కాబట్టి కట్టగలిగింది.

రంగురంగుల గింజలున్న ఎండు మొక్కజొన్న పొత్తులు కూడా కొన్నాం. వాటినిక్కడ ఇండియన్ కార్న్ అంటారు.

"మన దేశానిదా?" అంది అమ్మ.

"కాదు, ఈ దేశపు మూలవాసులది. వాళ్ళను చూసి మనవాళ్ళనుకుని పొరబడ్డ మనిషి పేరే ఈ ఊరికి పెట్టుకున్నారు."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయాను. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే మడిలో వేసి, వాటిని ముగ్గురు అక్కచెల్లెళ్ళుగా చెప్పుకునేవాళ్ళు ఇరొక్వా ప్రజలు. ఆ వ్యవసాయం స్త్రీల చేతుల్లో ఉండేది. మొక్కజొన్న కాడ మీదికి చిక్కుడు పాకుతుంది, చిక్కుడు నేలకు సత్తువ ఇస్తుంది, గుమ్మడి ఆకు నేలను కప్పి తేమ పోకుండా, కలుపు రాకుండా కాపాడుతుంది. ఒహాయోలో చివరిదాకా మిగిలిన మూలవాసులు వయండాట్‌లు. వాళ్ళను 1843లో ఇక్కడినుంచి పంపించేశారు. ఇప్పుడు ఆ ముగ్గురిలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు వరండాల మీద అలంకారాలయ్యారు. పండించిన మనుషులు ఆ బొమ్మలో లేరు. ఇవాళ ఈ కాయలు చేలో ఒంగి చేత్తో కోసేవాళ్ళలో చాలామంది మెక్సికో నుంచి, మధ్య అమెరికా నుంచి వచ్చిన కూలీలు. వాళ్ళూ ఆ బొమ్మలో లేరు. అమ్మ అంతా విని "మట్టి తట్ట ఎవరు మోశారో అరుగు చెప్పదుగా" అంది. మా ఊరి మనిషి అమ్మకు కూడా గుర్తొచ్చిందని అప్పుడు తెలిసింది నాకు.

ఆ పొత్తులను అమ్మ కుచ్చుగా కట్టి, వరండా కప్పుకు వేలాడదీసింది, అచ్చం వరికంకుల కుచ్చులాగా. మర్నాటికి ఉడతలు సగం గింజలు వలిచేశాయి. పొరుగింటావిడ చూసి, కారప్పొడి చల్లితే రావని ఉపాయం చెప్పింది. నేను తెలుగులో చెబితే అమ్మ ఆశ్చర్యపోయింది. "తినడానికి కట్టి కారం చల్లడమేంటి? పెట్టింది వాటికేగా!"

ఇక గుమ్మడికాయ కొట్టే రోజు. అక్టోబరు చివర్లో పిల్లలు గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెడతారు. ఐర్లండు నుంచి వలసవచ్చినవాళ్ళు తెచ్చిన ఆచారం అది. అక్కడ టర్నిప్ దుంపలకు చెక్కేవాళ్ళు, ఇక్కడికొచ్చాక గుమ్మడి దొరికింది. అప్పటికి మా పాపకు తొమ్మిదేళ్ళు. కాయ అమ్మమ్మ ముందు పెట్టి, కత్తి చేతికిచ్చింది.

"మీ నాన్న రానీయ్. మొదటి దెబ్బ ఆయన వేస్తాడు."

"ఎందుకు?"

"ఆడవాళ్ళు గుమ్మడికాయ కొట్టకూడదు."

"ఎందుకు కొట్టకూడదు?"

"ఏమో. మా అమ్మ చెప్పింది."

"వాళ్ళమ్మ చెప్పిందా?"

"చెప్పే ఉంటుంది."

"ఆవిడకి ఎవరు చెప్పారు?"

అమ్మ కత్తి పక్కన పెట్టి కాసేపు ఊరుకుంది. తర్వాత నావైపు తిరిగి ఒక సంగతి చెప్పింది. నాన్న పోయాక ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు. దప్పళం పెట్టుకోవాలనిపిస్తే పక్కింటి పిల్లాడిని పిలిచేదట. వాడికి ఆరేడేళ్ళుంటాయి. "వాడికి కత్తి పట్టుకోవడం కూడా రాదే. నేనే వాడి చెయ్యి పట్టుకుని కొట్టించేదాన్ని" అంది.

అని, తనే ఆగిపోయింది. ఆ మాట తన చెవికే అప్పుడు పడినట్టుంది. వాడి చేతి మీద తన చెయ్యి. బలం తనది, ఒడుపు తనది, కొట్టింది తను. లెక్కకు మాత్రం వాడు. పితృస్వామ్యం గురించి నేను పాఠాలు చెప్పి ఎన్నో ఏళ్ళయింది. ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అమ్మ కొంగు నడుముకు దోపి, కత్తి మొన తొడిమ పక్కన ఆనించి, అరచేత్తో ఒక్క దెబ్బ వేసింది. కాయ విచ్చుకుంది. పాప చప్పట్లు కొట్టింది. అమ్మ గింజలు తీసి కడిగి ఆరబోసింది. పై మూత చెక్కు తీసి ఆ సాయంత్రం పులుసు పెట్టింది. చెక్కడానికి పెంచే కాయలు కావడంతో అదంతా నీరు నీరుగా, చప్పగా ఉంది. "ఆడది కొట్టినందుకు కాదు, జాతే మంచిది కాదు" అని తీర్పు చెప్పి, బెల్లం ఇంకొంచెం వేసింది.

ఇంత చేశాక కూడా అమ్మ వరండాలో కూర్చునేది కాదు. అక్కడ రెండు కుర్చీలున్నాయి. పని ఉన్నంతసేపూ ఉండేది, అయిపోగానే లోపలికొచ్చి కిటికీ దగ్గర నిలబడి, వీధిలో ఎవరు ఆగి చూస్తున్నారో చూసేది. తలుపు చాటు కిటికీ చాటయింది, అంతే. ఎదురింట్లో ఒక నల్లజాతి పెద్దావిడ రోజూ సాయంత్రం తన వరండాలో దుప్పటి కప్పుకుని కూర్చునేది. ఒకరోజు ఆవిడ కిటికీలో అమ్మను చూసి చెయ్యి ఊపి, కుర్చీ చూపించింది, కూర్చోమని. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఆవిడ పిలిచింది నన్నేమోనని.

ఆ సెమిస్టరులో నేను బెల్ హుక్స్ 'బిలాంగింగ్' పాఠం చెబుతున్నాను. 2009లో వచ్చిన ఆ పుస్తకంలో వరండా గురించి ఒక వ్యాసం ఉంది. ఆమె పెరిగిన కెంటకీలో వీధి మూలలు మగవాళ్ళవి. ఆడవాళ్ళు, పిల్లలు బయటి లోకాన్ని చూసేది వరండానుంచి. పగలంతా అది వాళ్ళదే. తండ్రి పనినుంచి వచ్చి కుర్చీలో కూర్చోగానే అది ఆయనదైపోయేది. నోరా నీల్ హర్‌స్టన్ 1937 నాటి నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్'లోనూ ఇదే. దుకాణం ముందు వరండాలో మగవాళ్ళు కబుర్లు చెప్పుకుంటుంటే, ఆ కబుర్లలో జేనీ చేరడానికి వీల్లేదంటాడు భర్త. చివరికి ఆమె తన కథ తను చెప్పుకునేది స్నేహితురాలికి, ఇంటి వెనక వరండాలో. ఈ రెండూ ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాను, రాస్తున్నాను. మా అరుగు నాకు ఒక్కసారీ గుర్తుకు రాలేదు. చదువుకున్న పుస్తకానికీ, పుట్టిన ఇంటికీ మధ్య ఒక గడప కట్టుకుని, దాన్ని దాటకుండా బతకడం మనలో చాలామందికి అలవాటే.

ఆ సాయంత్రం నేను రెండు గ్లాసుల టీ పెట్టి వరండాలోకి తీసుకెళ్ళి, "చల్లారిపోతుంది రామ్మా" అని పిలిచాను. అమ్మ వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది, ఎవరో వస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు. ఎవరూ రాలేదు. ఆకులు రాలుతున్నాయి. ఉడత ఒకటి కుచ్చు మీదికి ఎగిరింది. కాసేపటికి అమ్మ వీపు కుర్చీకి ఆనింది. ఎదురింటావిడ చెయ్యి ఊపింది, అమ్మ కూడా ఊపింది. ఒకరి భాష ఒకరికి రాదు. మంచు పడేదాకా వాళ్ళిద్దరూ అలా ఎదురెదురుగా కూర్చుంటూనే ఉన్నారు.

అమెరికా అమ్మకు విముక్తినిచ్చిందని చెప్పడం లేదు. ఇక్కడి ఆడవాళ్ళ చాకిరీ ఇక్కడా ఉంది. అమ్మకు కలిసొచ్చింది ఒక్కటే, ఈ అలంకరణకు అమ్మ మీద చెల్లే శాస్త్రం లేకపోవడం. శుభం, అశుభం అన్న మాటలు మేపుల్ ఆకుకు ఇంకా అంటలేదు. ఆకులు అవే ఆకులు, చేతులు అవే చేతులు. ఏ చెయ్యి ఏ ఆకును ముట్టుకోవచ్చో చెప్పే నోరు లేనప్పుడు పని దానంతటదే అందమైంది.

నవంబరులో గడ్డకట్టే చలి మొదలయ్యాక గుమ్మడికాయలు మెత్తబడ్డాయి. అమ్మ వాటిని ముక్కలు చేసి పెరట్లో పాతిపెట్టింది. 2020 ఫిబ్రవరిలో ఊరికి తిరిగివెళ్ళింది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు ఒక అరుగు కొట్టేశారు. ఇప్పుడు ఒక్కటే మిగిలింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వీధిలో మగవాళ్ళ కూడికలు ఆగిపోయాయి. అప్పుడు అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. తర్వాత మానలేదు. గుమ్మడికాయ తనే కొడుతోంది. గడపకు పసుపు మాత్రం ఇప్పటికీ తను రాయదు, మామిడాకు తోరణం కట్టదు. నేను గుచ్చి గుచ్చి అడగను.

ఫోన్ చేస్తే ముందు "ఎక్కడున్నావమ్మా?" అని అడగడం నాకు అలవాటైంది. "అరుగు మీద" అంటుంది. మొన్న అడిగితే, ఎర్రమట్టి తెచ్చే మనిషి వచ్చిందని, పెద్దదైపోయిందని, ఇప్పుడు మట్టి మొయ్యడం లేదు, ఊరికే చూసిపోదామని వచ్చిందని చెప్పింది.

"నీ పక్కనే కూర్చుందా?"

"లేదే, కింద మెట్టు మీద కూర్చుంది. పైకి రమ్మంటే రావడం లేదు."

"ఎన్నిసార్లు పిలిచావు?"

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఒకసారి" అంది.